మూడు బేసిన్లు, ఒక తాళం

కరోనా వచ్చిన ఏడాది ఎండాకాలంలో ఆంటీ ఆమెను ఇంటికి తీసుకొచ్చింది. బర్ దుబాయ్‌లో మా బిల్డింగు కింద సూపర్‌మార్కెట్ మెట్ల మీద రెండు సూట్‌కేసులు పెట్టుకుని కూర్చుని ఉందట. ఆమె ఒక హోటల్లో యూనిఫారాలు కుట్టే గదిలో పనిచేసేది. హోటల్ మూతపడింది, స్టాఫ్ ఉండే బిల్డింగు ఖాళీ చేయమన్నారు, ఇంటికి పోదామంటే విమానాలు లేవు. తలుపు గడియ ముట్టుకోవడానికి కూడా జనం భయపడుతున్న రోజులవి. అలాంటప్పుడు ముక్కూ మొహం తెలియని మనిషిని ఆంటీ లిఫ్టు ఎక్కించి మూడో అంతస్తుకు తెచ్చి, నా గదిలో ఖాళీగా ఉన్న మంచం చూపించింది. అంత మనసు ఆవిడకి ఉంది. ఈ మాట ముందే చెప్పకపోతే తర్వాత చెప్పబోయేదాంట్లో ఆవిడకి అన్యాయం జరుగుతుంది.

ఆంటీ నాకు చుట్టమేమీ కాదు. కాకినాడ ఆవిడ. ఇక్కడ ఒక స్కూలు ఆఫీసులో ఉద్యోగం. భర్త పోయాక రెండు గదుల ఫ్లాట్‌లో ఒకటి తనకుంచుకుని రెండోది ఆడవాళ్ళకి ఇచ్చేది. నేను నాలుగు వీధుల అవతల ఒక బట్టల హోల్‌సేల్ దుకాణంలో ఆర్డర్లు చూసేదాన్ని. వంటగది అందరికీ ఒకటే, పెత్తనం మాత్రం ఆంటీది.

కొత్తగా వచ్చినామెది రొమేనియా. నలభై దాటి ఉంటాయి. చామనఛాయ, ఒత్తయిన నల్ల జుట్టు. టాక్సీ డ్రైవర్లు ఆమెను చూడగానే ఉర్దూలో మొదలుపెట్టేవాళ్ళు. ఆమె కూడా కుట్టుగదిలో నేర్చుకున్న హిందీలో తడుముకోకుండా జవాబిచ్చేది. మా ఇద్దరి మధ్య నడిచింది సగం ఆ హిందీ, సగం ఇంగ్లీషు.

వచ్చిన రెండో రోజే కిందికి వెళ్ళి మూడు ప్లాస్టిక్ బేసిన్లు కొనుక్కొచ్చింది. ఎర్రది నడుము పైన వేసుకునే బట్టలకి. ఆకుపచ్చది నడుము కింద వేసుకునేవాటికి. నీలంది గిన్నెలు తుడిచే గుడ్డలకి. ఒకదాంట్లోది ఇంకోదాంట్లో పడనిచ్చేది కాదు. మా వాషింగ్ మెషీన్ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఉల్లిపాయల్ని సైతం జనం సబ్బు పెట్టి కడుగుతున్న కాలం కాబట్టి నాకు పెద్ద వింతేమీ అనిపించలేదు. ఆంటీ మాత్రం మురిసిపోయింది.

"చూశావా, మడంటే అదీ," అనేది నాతో. "దొరసాని అయ్యుండి ఎంత పద్ధతో. నువ్వూ ఉన్నావు, గిన్నె తుడిచిన గుడ్డతోనే స్టవ్వూ తుడిచేస్తావు."

"ఒక్కటే గుడ్డ, ఒక్కటే చెయ్యి. ఏమైతది ఆంటీ?" అనేదాన్ని నవ్వుతూ. పైకి నవ్వేదాన్ని గానీ, మడి అన్న మాట వింటే నాకు ఒంటి మీద తేళ్ళూ జెర్రులూ పాకుతాయి.

నెల తిరక్కుండానే గొడవ వచ్చింది. ఒకరోజు మెషీన్ పాడైతే నా సల్వార్లు రెండు నీలం బేసిన్లో నానబెట్టాను. దగ్గరగా కనిపించింది, అందుకున్నాను, అంతే. ఆమె స్నానాల గదిలోకి వచ్చి చూసింది. నా బట్టలు జాగ్రత్తగా తీసి పిండి బకెట్లో వేసింది. బేసిన్ పట్టుకుని వరండా చివర చెత్త వేసే గదికి నడిచి, అందులో పడేసి, చేతులు కడుక్కుంది. కొత్త బేసిన్.

నా కోపానికి ఒక చరిత్ర ఉంది. మాది వరంగల్ వైపు ఒక తండా. లంబాడీలం. పక్క ఊరి చాయ్ హోటల్లో మావాళ్ళకి వేరే గ్లాసులుండేవి. తాగి, మేమే కడిగి, గోడ పక్కన బోర్లించి రావాలి. నేను చిన్నదాన్నయినా ఆ గ్లాసుల అంచులు ఎక్కడెక్కడ సొట్టపోయాయో ఇప్పటికీ చెప్పగలను. చదువుకుని, హైదరాబాదులో ఉద్యోగం చేసి, సముద్రం దాటి వచ్చాను. పాస్‌పోర్టులో మా ఇంటిపేరు ఒక్క అక్షరంగా మిగిలింది, నేను దాన్ని విప్పి చెప్పే పని పెట్టుకోలేదు. ఆంటీ నన్ను ఏ కులమనుకుందో నాకు తెలుసు. అనుకోనిచ్చాను.

అందుకే ఆ రోజు నోటికి అడ్డు లేకుండా పోయింది. "నేను ముట్టుకుంటే మైలపడిందా?" అని అడిగాను హిందీలో. "నీ దేశం నుంచి ఇంత దూరం వచ్చింది నన్ను దూరం పెట్టడానికా?"

ఆమె నావైపు అలాగే చూసి, గదిలోకి వచ్చి మంచం అంచున కూర్చుంది. "నువ్వు కాదు," అంది. "బేసిన్. కన్నతల్లి అందులో లంగా నానబెట్టినా పారేసేదాన్నే. నడుము కింద తగిలిన నీళ్ళు తిండి దగ్గరికి రాకూడదు. మాకు అది చావు లాంటిది."

"మాకు అంటే ఎవరికి? రొమేనియాలో అందరూ ఇట్లాగే ఉంటారా?"

ఆమె లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చింది. "రొమేనియా నా దేశం," అంది. "నేను రోమా."

"జిప్సీలు అంటారు, వాళ్ళా?" అన్నాను. ఆ మాట వద్దంది. అది బయటివాళ్ళు పెట్టిన పేరు, తిట్టడానికి వాడతారు అంది. నాకు సిగ్గేసింది. తండాలో పుట్టినదాన్ని, ఒక మనిషిని ఏ పేరుతో పిలవకూడదో నాకు ఒకరు చెప్పాల్సి వచ్చింది. అప్పుడు నేనెవరో చెప్పాను. దుబాయ్‌లో ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి.

మర్నాడు నేనే వెళ్ళి నీలం బేసిన్ కొనుక్కొచ్చాను.

ఆ తర్వాత వంట చేసుకుంటూ చాలా చెప్పుకున్నాం. ఆమె ఉప్పుని లోన్ అంది. మా నానమ్మ లూణ్ అనేది. నీళ్ళు ఇద్దరికీ పానీయే. వేళ్ళు మడుస్తూ అయిదు దాకా లెక్కపెట్టాం. రెండూ అక్కాచెల్లెళ్ళ మాటల్లా ఉన్నాయి. మేం బయటివాళ్ళని కోర్ అంటాం, వాళ్ళు గాజో అంటారు. వాళ్ళ నానమ్మ కుచ్చుల లంగా వేసుకుని జడల్లో బంగారు కాసులు కుట్టుకునేది. మా నానమ్మ అద్దాలు కుట్టిన ఫేటియా లంగా వేసుకుని జుట్టుకి వెండి గొట్టాలు వేలాడదీసేది. రోమాలు వెయ్యేళ్ళ కిందట మన దేశం నుంచే బయలుదేరారని చదువుకున్నవాళ్ళు చెబుతారు. వాళ్ళూ మేమూ ఒకే తల్లి బిడ్డలమని మా తండా సంఘం మీటింగుల్లో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. దానికి రుజువు ఎంతుందో నాకు తెలియదు. ఆ వంటగదిలో మాకు రుజువు అవసరం పడలేదు.

వాళ్ళ తాతలు రాగి గిన్నెలు చేసేవాళ్ళు, ఊరూరా బండ్ల మీద తిరిగి పాత గిన్నెలకి మాట్లు వేసేవాళ్ళు. అంతకు ముందు కొన్ని వందల ఏళ్ళు ఆ దేశంలో వాళ్ళు బానిసలు. దొరలూ మఠాలూ వాళ్ళని గొడ్లతో పాటు అమ్మేవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధంలో వాళ్ళ నానమ్మ అక్కల్ని, అన్నల్ని నది అవతలికి తోలుకుపోయారు, ఒక్కరూ తిరిగి రాలేదు. యుద్ధం అయ్యాక వచ్చిన ప్రభుత్వం బండ్లు వదిలేసి ఒకచోట ఉండమంది, జడల్లోని కాసులు కూడా లాక్కుంది. ఇవన్నీ ఆమె వంకాయలు తరుగుతూ చెప్పేది. నేను మధ్యలో స్టవ్వు ఆపేసి వినేదాన్ని.

"తెల్లవాళ్ళ పాలనలో మావాళ్ళని పుట్టుకతోనే దొంగలని కాగితం మీద రాశారు," అన్నాను ఒకసారి.

"మాకు ఆ కాగితం కూడా అవసరం లేదు," అంది. "ప్రతివాడికీ నోటికి వచ్చు."

స్కూల్లో ఆమెను ఆఖరి బెంచీలో కూర్చోబెట్టారట. పెద్దయ్యాక వేరే దేశంలో ఒక ఇంట్లో కుట్టుపనికి కుదిరితే, ఆమె ఎవరో తెలిసిన మర్నాడే మానేయమన్నారట. ఇక్కడికొచ్చాక మాత్రం హాయిగా ఉందంది. "ఇక్కడ అందరూ పాస్‌పోర్టు రంగు చూసి ఆగిపోతారు. దాని వెనక ఎవరున్నారో ఎవరికీ పట్టదు. పన్నెండేళ్ళుగా నా పర్సు ఎక్కడ పెట్టానన్నది నేను చూసుకుంటున్నాను గానీ, నన్ను చూసి తమ పర్సు తడుముకున్నవాళ్ళు లేరు." ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "ఎవరికీ చెప్పకు. ఆంటీకి అసలే చెప్పకు. ఇంత మంచి ఇల్లు నాకు మళ్ళీ దొరకదు."

చెప్పనన్నాను. నిజంగానే అనుకున్నాను.

ఆ చలికాలంలో ఆమెకు కరోనా వచ్చింది. నేను హాల్లోకి మారాను. ఆంటీ మాత్రం పదకొండు రోజులు మిరియాల కషాయం, గంజి కాచి గుమ్మం దగ్గర పెట్టి, తలుపు కొట్టి, ఆమె దగ్గు వినిపించేదాకా అక్కడే నిలబడేది. నీలం బేసిన్ని తనే కడిగేది, దానికి వేరే పీచు పెట్టింది. "ఆ పిల్ల పద్ధతి ఆ పిల్లది," అనేది. ఆ రోజుల్లో ఆంటీ మీద నాకు ప్రేమ పుట్టింది. అక్కడే దెబ్బతిన్నాను. ప్రేమ ఉన్నచోట నోరు కట్టేసుకోవాలని తోచదు.

హోటల్ మళ్ళీ తెరిచాక ఒక శుక్రవారం ఆమె డ్యూటీకి వెళ్ళింది. నేనూ ఆంటీ వంటగదిలో గోంగూర కోసుకుంటున్నాం. ఆంటీ ఎప్పటిలాగే ఆమె గుణగణాలు ఎత్తుకుంది. ఆ శుభ్రం, ఆ మాట నెమ్మది, ఏ గొప్పింటి బిడ్డో అంది. నాలో ఏదో ఉబికింది. ఆ పొగడ్తలో నాకూ వాటా ఉందనిపించింది.

"ఆమె అసలు మన దేశపోళ్ళ బిడ్డనే ఆంటీ," అన్నాను. "వెయ్యేండ్ల కింద అక్కడి నుంచే పోయినోళ్ళు. రోమా అంటరు."

ఆంటీ కళ్ళు పెద్దవి చేసింది. "అవునా? మనవాళ్ళా? అదీ సంగతి. అందుకే ఆ మడీ ఆచారం. ఏవిట్లు మరి?"

వెయ్యేళ్ళ కిందట దేశం దాటిన మనుషుల్ని కూడా ఏవిట్లని కులం అడగడం మనకే చేతనవుతుంది. తెలియదంటే పోయేది. నేను నోరు మూసుకోలేదు.

"మా దిక్కు లంబాడోళ్ళు ఉంటరు చూడుండ్రి," అన్నాను. "గట్లాంటోళ్ళే."

లంబాడోళ్ళు. ఎవరో పరాయివాళ్ళ గురించి చెప్పినట్టు. నా నోటితో నేనే. ఆ మాట విన్న చెవులు నావేనా అనిపించింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, వెనక్కి తీసుకునే దారి లేదు.

ఆంటీ చేతిలో గోంగూర కాడ ఆగింది. "అంటే సంచార జాతా," అంది మెల్లగా. "పాపం." కాడ తుంచుతూ, "నీ గొలుసు అదీ జాగ్రత్తగా పెట్టుకో. నేననడం కాదు, లోకం అంటుంది," అంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి మెడ మీదికి వెళ్ళింది. ఆంటీ అది చూసి, తన మాట నాకు ఎక్కిందనుకుని తృప్తిగా తలూపింది. నేను మళ్ళీ గోంగూర కోయడం మొదలుపెట్టాను.

రెండు రోజుల తర్వాత హాల్లో ఉన్న ఆంటీ బీరువాకి తాళం పడింది. మూడేళ్ళుగా ఆ బీరువా తలుపు సరిగ్గా పడక ఎప్పుడూ చిన్న సందుతో తెరుచుకునే ఉండేది. ఆంటీ ఎవరినో పిలిచి కొత్తగా గొళ్ళెం బిగించి, అరచేతంత ఇత్తడి తాళం వేసింది. ఆమెను చూస్తే మామూలుగానే నవ్వేది. పప్పు చేస్తే గిన్నెలో పోసి ఇచ్చేది. తాళంచెవి మాత్రం తాళిబొట్టు లేని గొలుసుకి కట్టుకుని మెళ్ళో వేసుకుంది.

ఆమె డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడుస్తూ ఆ తాళం చూసింది. ఒక్క చూపే. గదిలోకి వచ్చి బ్యాగు దించింది. నేను మంచం మీద బట్టలు మడతపెడుతున్నాను.

"నువ్వు చెప్పావా?" అంది.

అబద్ధం ఆడొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. "చెప్పాను," అన్నాను. "మంచిగానే చెప్పాను. గొప్పగా చెబుదామని..."

"నీ గురించి కూడా చెప్పావా?"

చేతిలో దుప్పటా మడత విప్పి మళ్ళీ మడిచాను. ఆమె మంచం కింద నుంచి సూట్‌కేసు లాగింది.

ఆమెను ఆపడానికి నేను వారం రోజులు అన్నీ చేశాను, చేయాల్సింది తప్ప. ఆంటీకి వయసైందన్నాను. అది ఆమె కోసం వేసిన తాళం కాదన్నాను. ఇలాంటివి పట్టించుకుంటే బతకలేమన్నాను. ఆమె అరవలేదు, ఏడవలేదు. ఖోర్ ఫక్కాన్ అనే సముద్రతీరపు ఊళ్ళో ఒక రిసార్టు కుట్టుగదిలో పని, ఉండడానికి గది అడిగి కుదుర్చుకుంది. "ఖలాస్," అంది ఒక్కసారి. "తాళం చూసిన ఇంట్లో నాకు అన్నం దిగదు. తాళం వేసినవాళ్ళ తప్పు పెద్దది కాదు. వాళ్ళకి ఎవరో చెప్పారు." ఆ ఎవరో నేనే. ఆ వారం నాకు కూడా అన్నం దిగలేదు.

వెళ్ళే రోజు పొద్దున్నే ఆంటీ పులిహోర చేసింది. రెస్టారెంటు పార్సిల్ వచ్చిన ప్లాస్టిక్ డబ్బా ఒకటి కడిగి, అందులో నింపి, గుమ్మంలో ఆమె చేతికిచ్చింది. "దారిలో తిను తల్లీ. డబ్బా పారేసెయ్, మళ్ళీ ఇవ్వక్కర్లేదు," అంది హిందీలో. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి ఆవిడకి. అవి నిజమైన నీళ్ళే. ఆమె రెండు చేతులతో డబ్బా తీసుకుని వంగి దండం పెట్టింది. లిఫ్టు పైకొస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

అప్పుడు చెప్పాను.

"ఆంటీ, మాది తండా. నేను లంబాడోళ్ళ బిడ్డను. మీకు ఇన్నేండ్లు చెప్పలే."

ఆంటీ నన్ను చూసింది, ఆమెను చూసింది, మళ్ళీ నన్ను చూసింది. నవ్వేసింది. "ఊరుకోవే, ఆ అమ్మాయి వెళ్ళిపోతోందని ఏదో ఒకటి అనేస్తున్నావు. నువ్వెక్కడ, వాళ్ళెక్కడ. నువ్వలా కనపడవు."

"నిజమే చెప్తున్న ఆంటీ."

"సరేలే," అంది ఆంటీ, పసిపిల్లల మాట కొట్టేసినట్టు. చీర కొంగు సర్దుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఏమందని ఆమె అడిగింది. నేనెవరో చెప్పానని, నేను అలా కనపడనంటోందని చెప్పాను. వారం రోజుల్లో మొదటిసారి ఆమె ముఖంలో నవ్వు లాంటిది కదిలింది. "నాకూ అన్నారు, చాలా ఇళ్ళల్లో," అంది. "మెచ్చుకుంటున్నామనుకుని అంటారు." సూట్‌కేసులు కిందిదాకా నేనే మోశాను. టాక్సీ ఎక్కేటప్పుడు నన్ను కౌగిలించుకోలేదు. ఎందుకు కౌగిలించుకోవాలి? డ్రైవర్ ఉర్దూలో ఏదో అడిగితే జవాబిస్తూ వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఇంట్లో ఆ ఊసు రాలేదు. ఆంటీ ఎప్పటిలాగే సీరియల్ చూసేది, ఎప్పటిలాగే నాకు గుడ్డ పిండడం రాదని తిట్టేది. పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో చూడమని గరిటెతో నా అరచేతిలో వేసేది. నేను చెప్పింది మర్చిపోయిందేమో అనుకున్నాను. మర్చిపోతే బాగుండునని అనుకున్నానేమో కూడా. ఒక నెల అయింది.

అప్పుడు ఖోర్ ఫక్కాన్ నుంచి ఆమె ఫోను చేసింది. నేను వంటగదిలో బియ్యం కడుగుతున్నాను. నంబరు చూసి చేతులు కూడా తుడుచుకోలేదు. కుట్టుగది కిటికీలోంచి ఓడలు కనిపిస్తున్నాయంది. గది చిన్నది గానీ కుళాయి వేరే ఉందట. పని ఎక్కువ, ముదీర్, అంటే అక్కడి మేనేజరు, మంచివాడు. ఇవన్నీ ఆగి ఆగి చెప్పింది. నేను ఊఁ కొట్టాను. క్షమించమని అడగాలని నెల రోజులుగా కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు.

"ఆంటీ ఎలా ఉంది?" అంది.

"బాగుంది."

"నేను వెళ్ళిపోయాను కదా. బీరువా తాళం తీసేసిందా?"

వంటగది గుమ్మంలోంచి తొంగిచూశాను. చూడకపోయినా చెప్పగలను, అయినా చూశాను.

"లేదు," అన్నాను. "అలాగే ఉంది."

అటువైపు కుట్టుమిషన్ కాసేపు గిర్రున తిరిగి ఆగింది.

"అయితే నీ గురించి నువ్వు చెప్పింది నమ్మింది," అంది.